పొల్లు పోయిన వెలగమాను

ఆ శనివారం పొద్దున కాటప్ప తన భార్య గంగక్కను కంబళిలో చుట్టి, బస్సు ఆగే చోట రాతిబండ మీద కూర్చోబెట్టేసరికి, చెప్పవలసిన అబద్ధాన్ని కూడా సంగటి మూటతో పాటు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎవరడిగినా పావగడకు, శనిమహాత్ముని గుడికి పోతున్నామని చెప్పాలి. డాక్టరు మాట నోట రాకూడదు. వారం కూడా శనివారమే కావడంతో అబద్ధానికి ఒక శాస్త్రోక్తమైన నిండుదనం వచ్చింది.

గంగక్కకు వారం దాటి జిగట విరేచనాలు. మొదట్లో బంక, ఆ తరువాత నెత్తురు. మొన్నటిదాకా నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని బావిమెట్లు ఎక్కిన మనిషి, ఇప్పుడు గడప దాటడానికి గోడను బతిమాలుకుంటోంది. కళ్లు లోపలికి పోయాయి. మాట మాత్రం ఇంకా పోలేదు.

జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోవడం నేరమా అని ఎవరైనా అడగవచ్చు. లోకంలో మిగతా వాళ్లకు కాదు. కాటప్పకు నేరమే. కడుపు జబ్బులకు చుట్టుపక్కల పేరుపడ్డ వెలగమాను ఆయన చేనులోనే ఉంది. దానికి సర్కారు బోర్డు ఉంది. దాని బంక మింగి బాగుపడ్డామని చెప్పుకునేవాళ్లు వై.ఎన్. హొసకోట దాకా ఉన్నారు. అలాంటి మాను గలవాడు సొంత పెండ్లాన్ని డాక్టరుకు చూపిస్తే, ఉప్పు అమ్మేవాడు పక్కింటికి ఉప్పు చేబదులుకు పోయినట్టే.

రోడ్డు అవతల బోరన్న టీ అంగడి తలుపులు మూసి ఉన్నాయి. బోరన్న ఊరందరి ప్రయాణాల లెక్క తెలిసినవాడు. ఎవరు ఏ బస్సు ఎక్కినా గ్లాసు కడుగుతూనే ఎందుకో రాబట్టేస్తాడు. అలాంటివాడు ఈ వేళ అంగడి తెరవకపోవడం మంచి శకునమని కాటప్ప సంతోషించాడు. ఆ మధ్య కాలంలో ఆయన సంతోషించింది అదొక్కసారే.

కాటప్ప తాతముత్తాతలు గొర్రెలు కాచినవాళ్లు. తండ్రి గొర్రెలను అమ్మేసి వేరుశనగ విత్తాడు. గొర్రె కాళ్లతో నడిచి మేత వెతుక్కుంటుంది, వేరుశనగ ఉన్నచోటే ఉండి వానకోసం చూస్తుంది అన్న తేడా ఆయన గమనించేలోగా కాలం చేశాడు. తేడా గమనించే పని కొడుకు మీద పడింది. ఎనభైల్లో ప్రతి ఏడూ ఒకే కథ. విత్తేటప్పుడు ఒక వాన వస్తుంది. చెట్టు పచ్చగా లేచి, పసుపు పూలు పూసి, పండగకు వచ్చిన కొత్త అల్లుడిలా నిలబడుతుంది. ఊడలు భూమిలోకి దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. పీకి చూస్తే బుడ్డలు ఉంటాయి, బుడ్డల్లో గింజ ఉండదు. చెవి దగ్గర ఆడిస్తే చప్పుడు కూడా రాదు. ఆ తాలూకాలో వాటిని పొల్లు అంటారు. చిన్నమాటే కానీ ఏడాది కష్టమంతా అందులో పట్టేది. గుజ్జు పోయి పెంకు మిగిలినదాన్ని ఏనుగు మింగిన వెలగపండు అని పెద్దలు అంటారు. పావగడ తాలూకాకు ఏనుగులు వచ్చిన దాఖలా లేదు. ఆ పని వానదేవుడు ఒక్కడే చూసుకుంటున్నాడు.

వెలగమాను చేను నడిమధ్యన ఉంది. దాని నీడలో వేరుశనగ సాలు మొలిచేది కాదు. ముల్లు గుచ్చుకోకుండా దాని కింద గుంటక లాగిన ఎద్దు లేదు. కొట్టించాలని కాటప్ప ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాడు. తల్లి హొన్నూరమ్మ బతికినన్నాళ్లు దాని మీద గొడ్డలి పడనివ్వలేదు. ఆమెకు అది మాను కాదు, మందుల పెట్టె. ఆకును నలిపితే సోంపు వాసన వేసేది. ఆ రసాన్ని పాలలో కలిపి పైత్యం చేసిన పిల్లలకు పోసేది. పచ్చికాయ గుజ్జును మజ్జిగలో కలిపి విరేచనాలకు ఇచ్చేది. నోరు చచ్చినవాళ్లకు పండుగుజ్జు, బెల్లం. వెక్కిళ్లకూ అదే. జిగటకు మాను కారే బంకను ఎండబెట్టి, పొడిచేసి, తేనెతో నాకించేది. ఈ వైద్యాన్నంతా ఒక్క ముక్కలో చెప్పేది: "ఆకు పైత్యానికి, కాయ కట్టేదానికి, పండు ఆకలికి, బంకకు బంక."

కొడుకుకు ఆ ముక్క ఒక్కటే వచ్చింది. ఎంత పొయ్యాలి, ఎన్ని పూటలు, ఎవరికి కూడదు, ఎక్కడ ఆపాలి అన్నవి ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆమె పోయాక అడిగే వీలు లేకపోయింది.

కర్మకాండలు అయ్యాక కాటప్ప గొడ్డలి మనుషులకు కబురు చేశాడు. కొయ్య గట్టిది, బండి ఇరుసులకు పనికొస్తుందని వాళ్లూ ఒప్పుకున్నారు. వాళ్లు రావలసిన ముందు రోజు లూనా బండి మీద గ్రామసేవకుడు లక్ష్మీనరసింహ వచ్చాడు. మంచివాడు. పై నుంచి వచ్చిన కాగితాన్ని దేవుడి ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకునే అలవాటు ఉన్నవాడు.

"కాటప్పా, నీ చేన్లో బేల మాను ఉండాది గదప్పా?" అన్నాడు. అక్కడ సర్కారు మాట కన్నడం, ఊరి మాట తెలుగు; వెలగను కన్నడంలో బేల అంటారు. ఆ సంగతి అక్కడి ఎద్దులకు కూడా తెలుసు.

"ఉండాది. రేపట్నుంచి ఉండదు."

"అట్లనద్దు. సర్క్యులర్ వచ్చిండాది. బేల అనేది మహా ఔషధి అంట. బెంగళూరులో దాన్ని రీసెర్చ్ చేస్తాండారు. యాడాడ ఉండాదో రాసుకోని, నంబరు ఏసి, కాయలు పంపియ్యల్ల. కొట్టకూడదు."

"నీడకు శెనక్కాయ రాదు సామీ."

"నీడ లేనిచోట మాత్రం వచ్చిందా ఏంది?" అన్నాడు లక్ష్మీనరసింహ. అది వ్యవసాయ శాఖను అడగవలసిన ప్రశ్న కాబట్టి కాటప్ప చేనికి దారి చూపించాడు.

మానుకు సున్నంతో నంబరు పడింది. ఒక రేకు బోర్డు వచ్చింది: 'బేల. ఔషధ వృక్ష. కడియబారదు.' అంటే, కొట్టకూడదని. మేకులు కొట్టినచోట నుంచి బంక కారింది. ఒక బస్తా కాయలు లూనా వెనక కూర్చుని బెంగళూరుకు బయలుదేరాయి. గొడ్డలి మనుషులు బోర్డు చూసి, దానికి ఒక దండం పెట్టి వెనక్కి పోయారు.

బోర్డు లేనంతకాలం అది హొన్నూరమ్మ మాను. బోర్డు పడ్డాక సర్కారు మందు. వారం తిరక్కముందే జనం రావడం మొదలైంది. కడుపునొప్పి వాళ్లు, పైత్యం వాళ్లు, పిల్లకు వెక్కిళ్లని వచ్చేవాళ్లు, ఏ జబ్బూ లేకుండా చూసిపోదామని వచ్చేవాళ్లు. ఒకాయన మోకాలి నొప్పికి కూడా బంక అడిగాడు. కాటప్ప పొద్దంతా కలుపు తీసి, నడుము వాల్చే వేళకు వాకిట్లో ఎవరో ఒకరు దగ్గేవారు. లేచి, కొడవలి పట్టుకుని చేనికి పోయి, తల్లి చెప్పిన ముక్కను గొణుక్కుంటూ ఏదో ఒకటి గీకి ఇచ్చేవాడు. చాలామందికి తగ్గేది. చాలా జబ్బులకు తమంతట తామే తగ్గే గుణం ఉంటుంది. పేరు మాత్రం మానుకు పోతుంది.

ఊళ్లో ఆయనకు బేల కాటప్ప అన్న పేరు స్థిరపడింది. పిలిచేవాళ్లు పిలిచేది కన్నడంలో. తెలుగులో బేల అంటే దిక్కుతోచక చూసేవాడని అర్థం. ఆయన మొహం చూస్తే తెలుగే సరిపోయినట్టుండేది.

గంగక్క మాత్రం ఈ వైభవాన్ని మొదటి నుంచి తిడుతూనే ఉంది. "పొద్దుగూకి సంగటి ముద్ద నోట్లో పెట్టుకునేదానికి లేదు. మీ యమ్మ పోతా పోతా ఆసుపత్రి నీకి అంటగట్టి పాయ" అనేది. అలాంటి ఆమెకే జబ్బు వచ్చింది. బావి అడుగంటాక గిన్నెతో తోడుకుంటున్న మట్టినీళ్లతో వచ్చిందని తరువాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే: బంకకు బంక.

కాటప్ప బంక పొడిచేసి ఇచ్చాడు. మొదటి రోజు కొంచెం నిలబడినట్టు అనిపించింది. రెండో రోజు ఎక్కువైంది. ఆయన మోతాదు పెంచాడు. పచ్చికాయ కలిపాడు. ఎవరైనా వచ్చి అడిగితే నయమవుతోందని చెప్పాడు. నెత్తురు చూసిన రోజు చేనికి పోయి మాను కింద చాలాసేపు కూర్చున్నాడు. మాను ఏమీ చెప్పలేదు. బోర్డు తను చెప్పేదే చెప్పింది.

ఇంటికి వస్తే గంగక్క గోడకు ఆనుకుని ఉంది. "నేను నీ మానును తిట్టని దినం లేదు" అంది. "అది గుర్తు పెట్టుకున్యాది. ఇంగ నీకి నేను కావల్నో, నీ బోర్డు కావల్నో చూసుకో."

ఆమె నవ్వుదామని అన్న మాట అది. నవ్వు సగంలో ఆగిపోయింది. కాటప్ప కంబళి తెచ్చాడు.

బస్సులో ముందు సీటులోనే లక్ష్మీనరసింహ కూర్చుని ఉన్నాడు. శకునాలను నమ్మడంలో ఉండే ఇబ్బంది ఇదే.

"ఏంప్పా కాటప్పా, పెండ్లాన్ని పిల్చుకోని యాడికి?"

"శనిమహాత్ముని గుడికి సామీ. మొక్కుబడి ఉండె."

"ఈయమ్మకి ఒళ్లు బాగలేనట్టుండాదే."

"ఉపాసం" అన్నాడు కాటప్ప.

గంగక్క కంబళి లోపల నుంచి ఒక మూలుగు పంపింది. దాన్ని భక్తిగా తీసుకోవాలో, మరోలా తీసుకోవాలో తెలియక లక్ష్మీనరసింహ కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, "మీ బేల కాయలు బెంగళూరుకు చేరి రెండేండ్లాయ. జవాబు రాలే. పెద్ద రీసెర్చ్ కదా, లేటయితాది" అన్నాడు. కాటప్ప తలూపాడు. పావగడ దాకా తలూపుతూనే ఉన్నాడు. బస్సు కుదుపులకు వేరే దారి లేదు.

శనిమహాత్ముని గుడి దగ్గర రద్దీలో లక్ష్మీనరసింహ కనుమరుగయ్యేదాకా ఆగి, కాటప్ప గోపురానికి ఒక నమస్కారం చేశాడు. సగం అబద్ధమైనా నిజం చేయాలని ఆయన ఉద్దేశం. తరువాత భార్యను నడిపించుకుంటూ గుడి ఎదుటి సందులోకి తిరిగాడు. ఎర్రతలుపు ఇల్లు. డాక్టరు భాగీరథమ్మ. బయట అరుగు మీద బెంచీ, బెంచీ మీద వచ్చినవాళ్లు.

బెంచీ చివర తువ్వాలు తలమీద కప్పుకుని, పొట్ట పట్టుకుని ఒకడు కూర్చుని ఉన్నాడు. టీ అంగడి బోరన్న.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఊరి సమస్త ప్రయాణాల కారణాలు తెలిసినవాడికి సొంత ప్రయాణానికి కారణం దొరకలేదు.

"గుడికొస్తి" అన్నాడు బోరన్న చివరికి.

"నేనూ గుడికే వస్తి."

"అట్లనా. మంచిది."

గంగక్క బెంచీ మీద కూలబడుతూ, "మీ ఇద్దరి దేవుడు ఒక్క బెంచీ మీదనే ఉన్నట్టుండాడు" అంది.

బోరన్న తువ్వాలు తీశాడు. "కాటప్పా, తప్పు పట్టుకోవద్దు. నువ్విచ్చిన బంక తిన్న్యా. అంగట్లో పదిమందికి చెప్పినా, నయమయ్యిందని. కాలేదప్పా. చెప్పినాక ఇంగ మార్చి చెప్పేదెట్ల?"

"నాకి చెప్పుంటే బాగుండు గదరా."

"నీకి చెప్తే నీకి బాధ, ఊరికి చెప్తే నాకి నగుబాటు. అందుకే శనివారం దాకా ఆగి గుడికొస్తి."

అలా ఆ బెంచీ మీద వెలగమాను కీర్తికి మూలస్తంభాలుగా ఉన్న ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, డాక్టరు కోసం వరసలో కూర్చున్నారు.

భాగీరథమ్మ గంగక్క చెయ్యి పట్టి చూసి, చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలి, వెంటనే మంచం మీద పడుకోబెట్టమంది. సూది గుచ్చి సీసా వేలాడదీసింది. ఆ తరువాత కాటప్ప వైపు తిరిగింది.

"ఎన్ని దినాల్నుంచి?"

"వారం దాటిందమ్మా."

"ఇన్ని దినాలు ఏం చేస్తాంటివి?"

కాటప్ప కిందికి చూశాడు. అబద్ధం మూటలో ఇంకొంచెం మిగిలే ఉంది కానీ విప్పే ఓపిక లేదు. "మాను బంక ఇస్తి. పచ్చికాయ ఇస్తి. వెలగ."

ఆమె కసురుతుందని ఎదురుచూశాడు. ఆమె కసరలేదు. రోజంతా అలాంటి జవాబులు విని ఆమెకూ కసిరే ఓపిక పోయినట్టుంది. "పచ్చికాయలో వగరు ఉంటాది చూడు, ఆ వగరుకు కట్టే గుణం ఉండాది. మామూలు విరేచనానికి రొంత ఆపుతాది. ఈమెది అది కాదు. పేగుల్లో క్రిమి ఉండాది. దొంగ ఇంట్లో ఉండంగానే తలుపుకు గడి పెడితే ఏమయితాది?"

కాటప్ప ఆలోచించాడు. "లోపలే ఉంటాడు."

"ఆ. మాత్రలతో దొంగను చంపల్ల. పోయిన నీళ్లు ఒంటికి ఎక్కియ్యల్ల. రెండు దినాలు ఈడనే ఉండల్ల. ఇంకో నాలుగు దినాలు గుడికి రాకుండా ఉంటే..." అని ఆమె మాట అక్కడే ఆపి సీసా వైపు చూసింది. ఆ ఆపిన మాట కాటప్పకు పూర్తిగా వినిపించింది. గుడికి అని ఆమె అన్నది కూడా వినిపించింది. ఆ సందులోకి అందరూ గుడి మీదుగానే వస్తారని ఆమెకు ఎప్పుడో తెలుసు.

బోరన్న మాత్రలు తీసుకుని సాయంత్రం బస్సుకు బయలుదేరాడు. పోయే ముందు మంచం దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "రెండు దినాలంటే ఊర్లో అడుగుతారు. గుళ్లో నిద్ర చేస్తాండారని చెప్తా. మొక్కుంటే నిద్ర చేసేది ఉన్నదే గదా."

"చెప్పప్పా" అన్నాడు కాటప్ప. గంగక్క అప్పటికే నిద్ర చేస్తోంది. ఆ మేరకు అది నిజమే.

రెండు రాత్రులు కాటప్ప మంచం పక్కన నేల మీద కూర్చుని సీసాలో పడే చుక్కలను చూశాడు. ఆ తాలూకాలో ఆకాశం నుంచి పడని నీళ్లు సీసా నుంచి అంత లెక్కగా పడుతుంటే ఆయనకు ఆశ్చర్యం వేసింది. మూడోనాడు గంగక్క కళ్లు తెరిచి, "ఆకలయితాంది" అంది. ఆయన గంజికని బయటికి పోయి, ఎవరికీ కళ్లు కనిపించకుండా, మొహం కడుక్కునే నెపంతో కుళాయి దగ్గర నిలబడ్డాడు. కుళాయిలో నీళ్లు లేవు.

ఊళ్లో గంగక్క బాగుపడిన కథ వాళ్లకంటే ముందే చేరింది. కీర్తిని జనం న్యాయంగా పంచారు. సగం శనిమహాత్మునికి, సగం వెలగమానుకు. డాక్టరమ్మకు ఏమీ మిగల్లేదు. మానుకు ఎవరో పసుపు పూశారు. రాకపోకలు ఎక్కువయ్యాయి. కాటప్ప బంక గీకుతూ ప్రతివాడినీ, నెత్తురు పడుతోందా అని అడగడం మాత్రం మొదలుపెట్టాడు. లేదన్నవాళ్లకు ఇచ్చేవాడు. మరేమీ చెప్పేవాడు కాదు. చెబితే మొదటి నుంచీ చెప్పాలి.

ఉగాది వెళ్లాక ఒక జీపు వచ్చింది. లక్ష్మీనరసింహ ముందు దిగాడు. వెనక బెంగళూరు నుంచి రీసెర్చ్ చేసే ఒకామె దిగింది, కళ్లద్దాలు, చేతిసంచి, ఎండకు ఎర్రబడిన మొహం. రెండేళ్లు బీరువా వెనక తపస్సు చేసిన కాయల బస్తాను విప్పింది ఆమే. ఆ వాసనకు ఆమె గదిలోవాళ్లు బయటికి పోయారట. ఆమె మాను దగ్గరకు నడిచి, ఒక రెమ్మ తుంచి, ఆకులు లెక్కపెట్టి, నలిపి వాసన చూసింది. తరువాత జీపుకు ఆనుకుని, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు కన్నడంలో లక్ష్మీనరసింహతో మాట్లాడింది.

లక్ష్మీనరసింహ మొహం కాగితంలా తెల్లబడింది.

"ఏమంట?" అన్నాడు కాటప్ప.

"ఈ మాను కాదంట."

వాళ్లు వెతుకుతున్నది మారేడు. శివుడికి ఎక్కించే మూడాకుల చెట్టు. దాని కాయలో మార్మెలోసిన్ అనే ఒక పదార్థం ఉందని, దాని గుణం తేల్చాలని వాళ్ల పని. మారేడును ఇంగ్లీషులో బేల్ అంటారు. బెంగళూరు నుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాన్ని ఏదో ఆఫీసులో ఒక గుమాస్తా కన్నడంలోకి దించాడు. అతడు భాషాభిమాని. బేల్ అనే మాట కన్నడంలో లేదు, బేల ఉంది. ఉత్తరం రాసినవాళ్లకు కన్నడం సరిగా రాదని జాలిపడి, దిద్దాడు.

ఆమె జీపు బానెట్టు మీది దుమ్ములో వేలితో రెండు మాటలు రాసి చూపించింది. కాటప్ప కన్నడ బడిలో రెండో తరగతి దాకా చదివినవాడు. వంగి చూశాడు. రెండూ ఒకే మాటలా ఉన్నాయి. మొదటిదాని చివర మాత్రం ఒక చిన్న కొక్కెం ఉంది.

"ఈ కొక్కెం ఏంది సామీ?"

"అదే కాటప్పా పోయింది. తెలుగులో దాన్ని పొల్లు అంటారు."

"పొల్లా?"

"పొల్లే."

కాటప్ప నిటారుగా లేచాడు. చేను వైపు చూశాడు, బానెట్టు వైపు చూశాడు. "మా చేన్లో పొల్లు ఉండి చెడితిమి" అన్నాడు నెమ్మదిగా. "మీ కాగితంలో పొల్లు లేక చెడిందా."

లక్ష్మీనరసింహ సుత్తి తీసి బోర్డు మేకులు పీకసాగాడు. జాబితాలో లేని చెట్టుకు బోర్డు ఉండకూడదు. ఇక కొట్టించుకోవచ్చు, ఎవరూ అడగరు అని చెప్పాడు.

"అట్లయితే ఇది మందుమాను కాదా తల్లీ?" అని కాటప్ప ఆమెను అడిగాడు.

లక్ష్మీనరసింహ కన్నడంలో అందించాడు. ఆమె చాలాసేపు చెప్పింది. దీని పచ్చికాయ వగరుకు టానిన్లు కారణమట, ఆకు వాసన ఒక తైలానిదట, బంకను, కాయను పాత వైద్యం ఎప్పటినుంచో వాడుతోందట. లక్ష్మీనరసింహ అంతా విని తెలుగులో రెండు ముక్కలకు కుదించాడు: "మందు కాదనలేదు. వాళ్ల పట్టికలో లేదు, అంతే."

జీపు పోయింది. బానెట్టు మీది రెండు మాటలూ దుమ్ములో కలిసిపోయాయి.

పొద్దు వాలుతుండగా కాటప్ప వాకిట్లో కూర్చుని లెక్క వేసుకున్నాడు. బోర్డు లేదు. రేపు గొడ్డలి మనుషులకు కబురు పెట్టవచ్చు. ఇది సర్కారు మందు కాదని బోరన్న అంగట్లో ఒక మాట వేస్తే చాలు, ఎల్లుండి నుంచి వాకిట్లో దగ్గేవాళ్లు ఉండరు. రెండేళ్ల తరువాత మళ్లీ హాయిగా నడుము వాల్చవచ్చు. ఆ సుఖాన్ని తలుచుకుంటూ గోడకు ఆనుకున్నాడో లేదో, వాకిట్లో ఎవరో దగ్గారు.

రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరి నుంచి ఆంజినమ్మ అనే ఆమె. చంకలో మూడేళ్ల కూతురు. పిల్ల మెడ తోటకూర కాడలా వాలిపోయి ఉంది.

"అన్నా, రొంత బంక ఇయ్యి. బిడ్డకు జిగట."

"నెత్తురు పడతాందా?"

"నిన్నట్నుంచి."

కాటప్ప పిల్ల మోచేతి దగ్గర చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలాడు. డాక్టరమ్మ చేస్తుంటే చూసిన పనే. చర్మం వెనక్కి పోవడానికి బద్ధకించింది.

"దీనికి బంక చాలదమ్మా. డాక్టరు దగ్గరికి పో."

ఆంజినమ్మ కదల్లేదు. "అట్లనద్దన్నా. ఇంత దూరం నడిచొస్తి. మీ ఇంటామెకు నెత్తురు పడినా ఈ బంకతోనే నయమయ్యిందంట గదా. టీ అంగడాయన నోటితో చెప్పినాడు. నాకి మాత్రం లేదంటావా?"

గుమ్మంలో నుంచి గంగక్క చూస్తోంది. కాటప్ప అటు ఒకసారి చూశాడు.

"నయం కాలే" అన్నాడు. మళ్లీ అన్నాడు. "బంకతో నయం కాలే. వారం ఇచ్చి ఆమెను సచ్చేంత పని చేసినా. గుడికి పోలే, నిద్ర చెయ్యలే. డాక్టరమ్మ సీసాలు ఎక్కిస్తే బతికింది. ఈ ముండ్లమాను మామూలు కడుపుకు పనికొస్తాది. నెత్తురుకు పనికిరాదు."

ఆంజినమ్మ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. మనిషి అబద్ధం చెబితే నమ్మడానికి అలవాటుపడిన లోకం, నిజం చెబితే కారణం వెతుకుతుంది. "నాకి ఇయ్యడం ఇష్టం లేక చెప్తాండావా?"

గంగక్క గుమ్మం దిగి వచ్చింది. చీర మడత పక్కకు జరిపి, మోచేతి లోపల సూది గుచ్చినచోట ఇంకా నల్లగా ఉన్న మచ్చ చూపించింది. "ఇంద, చూసుకో. శనిమహాత్ముడు సూది ఏస్తాడా?"

ఆంజినమ్మ మచ్చను వేలితో తాకి చూసింది. ఆ తరువాత పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "యాడుంటాదామె?"

"కడా బస్సు, ఆఖరుది, ఇంకా పోలే. పావగడలో దిగు. శనిమహాత్ముని గుడి. గుడికి ఎదురు సందు. ఎర్రతలుపు. భాగీరథమ్మ. చెప్పు."

"ఏం చెప్పల్ల?"

"నేను చెప్పింది. పొల్లు పోకుండా చెప్పు."

ఆమె ఎర్రతలుపు మరిచిపోయింది. ఆయన మళ్లీ చెప్పించాడు. ఈసారి సందు మరిచింది. మళ్లీ చెప్పించాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. గంగక్క సీసాలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు నింపి, దారిలో చెంచాతో పోయమని ఆమె చేతిలో పెట్టింది. డాక్టరమ్మ తనకు నేర్పి పంపినది అదొక్కటే.

కాటప్ప ఆమె వెంట బస్సు దాకా పోయాడు. బోరన్న అంగడి తెరిచే ఉంది. నలుగురు టీ తాగుతున్నారు. ఆంజినమ్మ బస్సు మెట్టు మీద నిలబడి, మరిచిపోతానన్న భయంతో గట్టిగా అప్పజెప్పింది: "గుడికి ఎదురు సందు, ఎర్రతలుపు, భాగీరథమ్మ." టీ తాగేవాళ్లు నలుగురూ తలెత్తారు.

బస్సు పోయాక బోరన్న గ్లాసు కడగడం ఆపి చూశాడు. "చెప్పేస్తివా?"

"చెప్పేస్తి."

"బెంచీ మీద నేను ఉన్న్యానని గూడానా?"

"అది చెప్పలే" అన్నాడు కాటప్ప బల్ల మీద కూలబడుతూ. "ఇప్పుడు నువ్వే చెప్తివి."

నలుగురూ బోరన్న వైపు తిరిగారు. బోరన్న కడిగిన గ్లాసునే మళ్లీ కడిగి, కాటప్పకు అడగకుండానే ఒక టీ పోశాడు. గొడ్డలి మనుషులకు కబురు పెట్టాలన్న సంగతి కాటప్పకు గుర్తొచ్చింది. వాళ్లు ఉండేది ఊరి ఆ చివర. అంత దూరం నడవాలి, బేరం ఆడాలి, పొద్దున లేచి దగ్గర నిలబడాలి. టీ వేడిగా ఉంది. రేపు చూద్దామనుకున్నాడు.